మందిరం గడప దాకా ఆయన నడక

మార్కాపురం, గిద్దలూరు వైపు వెళ్ళొచ్చామని చెబితే తెనాలిలో మా వీధివాళ్ళు ముందు అడిగిన మాట, "అక్కడ చూడటానికి ఏముంది?" అని. చూడటానికి చాలానే ఉంది. కానీ ఆ వారమంతా నేను అన్నిటికన్నా ఎక్కువగా చూసింది మావారి కాళ్ళను.

మావారు ఏసురత్నం కరెంటు ఆఫీసులో లైన్‌మన్‌గా చేరి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యారు. ఉద్యోగమంతా స్తంభం నుంచి స్తంభానికి నడవడమే. పెళ్ళయిన కొత్తలో ఆయనతో బజారుకు వెళ్తే నాకు కనిపించేది ఆయన వీపు ఒక్కటే. మధ్యలో ఆగి వెనక్కి చూసి, నేను దగ్గరకు రాగానే మళ్ళీ బయలుదేరేవారు. అంటే ఆయనకు విశ్రాంతి దొరికేది, నాకు లేదు.

అలాంటి మనిషికి రెండేళ్ళ క్రితం పార్కిన్సన్స్ జబ్బు వచ్చింది. చెయ్యి వణకడాన్ని ఆయన పట్టించుకోలేదు. నడక మారడమే కుంగదీసింది. అడుగులు జానెడు జానెడు అయ్యాయి. పాదాలు నేలను రాసుకుంటూ పోతున్నాయి. గుమ్మం వస్తే మరీ కష్టం. గడప ముందు కాళ్ళు జిగురు అంటుకున్నట్టు ఆగిపోతాయి. మనిషి ముందుకు వంగుతాడు గాని పాదం లేవదు. డాక్టరు మాత్రం, "రోజూ నడవాలి, కాస్త జోరుగా. పక్కమనిషితో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంత జోరు చాలు" అన్నాడు. ఈయన వీధిలోకి వెళ్తేగా! అందరూ చూస్తారని హాల్లోనే సోఫా చుట్టూ తిరిగేవారు.

అప్పుడు వచ్చింది గ్రేసి ఫోను. గ్రేసి మావారి అక్క మార్తమ్మ వదిన కూతురు. గిద్దలూరు దగ్గర పల్లెలో ఉంటారు. తండ్రి లేడు. "మామా, ఫిబ్రవరిలో నా పెండ్లి. నన్ను మందిరంలోకి నువ్వే నడిపించాల" అంది. మందిరం వాకిట్లో నుంచి లోపల ప్రభువు బల్ల దగ్గరున్న పాస్టరు గారి ముందు దాకా పెళ్ళికూతుర్ని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాలి. అందరూ లేచి నిలబడి చూస్తుంటారు. మొదట్లోనే గుమ్మం.

"చూద్దాం బిడ్డా" అన్నారు ఈయన. ఫోను పెట్టేసి నాతో, "పెండ్లికి పోదాం. నడిపించేది వాళ్ళ అన్న చూసుకుంటాడులే" అన్నారు. ఆ మాట గ్రేసికి మాత్రం చెప్పలేదు. ఎదురుగా చెబుతానన్నారు.

మార్కాపురంలో మస్తాను గారి వాకిలి

గుంటూరు దాటి రైలు మెట్టపొలాల్లోకి వెళ్ళేకొద్దీ ఆ వైపే పుట్టి పెరిగిన ఈయన మాట మారిపోవడం నాకు ఎప్పుడూ వేడుకే. తెనాలిలో 'ఎక్కడ' అనే మనిషి వినుకొండ దాటాక 'యాడ' అంటాడు. దొనకొండ వచ్చేసరికి పల్లీలమ్మే ఆమెను "ఏందమ్మా, ఇన్నేనా పోసేది?" అని నిలదీస్తున్నారు. ఆమె "తిను నాయనా, మల్ల పోస్తా" అంది. మా వైపు అయితే సార్ అనో బాబుగారూ అనో అంటారు. ఇక్కడ ఎవరు ఎదురుపడ్డా వరసే. మధ్యాహ్నానికే నేను ముగ్గురికి అక్కను, ఒకరికి చిన్నమ్మను అయ్యాను.

మార్కాపురంలో ఈయన చిన్ననాటి స్నేహితుడు మస్తాను గారు ఉన్నారు. పలక రాయి కోసే షెడ్డు ఆయనది. పిల్లల పలకలు ఇప్పుడు తక్కువేనట. గోడలకు అంటించే రాయి, నేలకు పరిచే రాయి కోయిస్తున్నారు. మేం వెళ్ళేసరికి గేటు దగ్గరే నిలబడి, "అరే రత్నం! ఏంద్రా ఇట్ల అయినావు?" అన్నారు. ఆ మాట తెనాలిలో ఎవరూ అనలేదు. అందరూ "బాగున్నారే" అంటారు. ఈయనకు కోపం వస్తుందనుకున్నాను. "అయినా గదా, ఏం జేసేది" అని నవ్వేశారు.

గేటు నుంచి ఇంటి వరకు వాకిలంతా నల్ల రాయి పరిచి ఉంది. రాళ్ళ మధ్య సందుల్లో తెల్ల సిమెంటు నింపారు. అడ్డంగా గీతలు గీసినట్టు ఉంది చూపుకు. నేను చెయ్యి అందించబోయాను. ఈయన నా చెయ్యి చూడలేదు, నేలను చూస్తున్నారు. ఒక గీత దాటేలా పాదం ఎత్తి వేశారు. తరువాతి గీత దాటేలా ఇంకో పాదం. అలా పాత లైన్‌మన్ అడుగులతో ఇంటిదాకా వెళ్ళిపోయారు. నేను గేటు దగ్గరే ఉండిపోయాను.

"ఏవండీ!" అన్నాను.

ఆయన వెనక్కి తిరగడానికి మళ్ళీ తడబడ్డారు. కానీ ముఖం వెలిగిపోతోంది. "సుగుణా, గీత కనబడితే కాలు లేస్తాండాది" అన్నారు. తరువాత ఫోన్లో మా డాక్టర్ని అడిగితే, కొందరికి అలా అవుతుందని, కంటికి గురి దొరికితే కాలు ఆ గురిని పట్టుకుని కదులుతుందని చెప్పాడు. ఆ సాయంత్రం మస్తాను గారింట్లో ఈయన వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నారు. మస్తాను గారి భార్య జొన్నరొట్టె, వాళ్ళు చెనిక్కాయలనే వేరుశనగల పొడి పెట్టి, "అన్నా, తిని తిరుగు, రాళ్ళు యాడికీ పోవు" అని కేకేసింది. జొన్నరొట్టె నమలడం నాకు కొత్త. మా డెల్టా వాళ్ళ దవడలు అన్నానికి అలవాటు పడినవి. ఒక రొట్టె తినేసరికి చెంపలు నొప్పెట్టాయి.

కంభం చెరువు కట్ట మీద

మార్కాపురంలో వచ్చిన ధైర్యంతో మరునాడు కంభంలో దిగి చెరువు చూద్దామన్నారు. పొద్దుటి పూట. చెరువు అంటే మా వైపు చెరువనుకున్నాను. అవతలి ఒడ్డు మంచులో కలిసిపోయింది. కొండల మధ్య సముద్రంలా ఉంది. కట్ట మీద నడిచేవాళ్ళు చాలామంది. తువ్వాలు మెడలో వేసుకుని చేతులు జోరుగా ఊపుతూ నడిచే పెద్దమనుషులు, చీరల కింద బూట్లు వేసుకున్న ఆడవాళ్ళు.

కట్ట మీద బాగానే నడిచారు. దిగేటప్పుడు చిక్కొచ్చింది. వాలులో ఈయన అడుగులు చిన్నవై, వెంట వెంటనే పడటం మొదలుపెట్టాయి. ఈ జబ్బులో అదొక తంటా. మనిషి ముందుకు వంగిపోతాడు, పడకుండా ఉండాలని కాళ్ళు పరిగెడతాయి, ఆపుకోలేడు. "సుగుణా! ఆపు, ఆపు!" అంటూ వెళ్ళిపోతున్నారు. నేను చెప్పులు వదిలేసి వెనకాల పరిగెత్తాను. ఎదురుగా పొట్ట ముందుకు వేసుకుని ఒక పెద్దాయన నింపాదిగా ఎక్కి వస్తున్నాడు. మావారు నేరుగా వెళ్ళి ఆయన్ను కావలించుకుని ఆగారు.

ఆ పెద్దాయన కొంచెం ఊగాడు గాని పడలేదు. రెండు చేతులతో ఈయన్ను పట్టుకుని, "ఎవురన్నా నువ్వు? మనం చుట్టాలమా?" అని అడిగాడు.

"ఇప్పుడయినాం" అన్నారు మావారు, రొప్పుతూ.

ఆయన నవ్విన నవ్వుకు కట్ట మీద వాళ్ళంతా ఆగి చూశారు. హోటలుకు తీసుకెళ్ళి టీ ఇప్పించాడు, ఉగ్గాని తినిపించాడు. బొరుగులు, అంటే మా మరమరాలు, నానబెట్టి తాలింపు వేసి, పప్పుల పొడి కలిపి, పక్కన మిరపకాయ బజ్జీ. ముప్పై రూపాయల ప్లేటు నేనూ ఈయనా కలిసి తిన్నా మిగిలింది. విడిపోయేటప్పుడు ఆయన, "అన్నా, నాకు సుగరు. డాక్టరు బిరబిరా నడవమన్నాడు, నేను నడవను. నీకేమో ఆగమంటే ఆగవు. ఇద్దర్నీ కలిపి కొడితే ఒక మనిషి అవుతాడు" అన్నాడు. అంతమంది చూసినా ఈయన సిగ్గుపడలేదన్న సంగతి బస్సెక్కాక గాని నాకు తోచలేదు.

గిద్దలూరులో ఒక ఆట

గిద్దలూరులో మేం దిగిన లాడ్జి వెనకే గ్రౌండు. పొద్దున్నే పోలీసు సెలక్షన్లకు తయారయ్యే పిల్లలు పరిగెడుతున్నారు. వాళ్ళకు బయటి వరుసలో నడిచేవాళ్ళు. అంచున ముసలివాళ్ళు. మేం సిమెంటు బెంచీ మీద కూర్చుని ఒక ఆట మొదలుపెట్టాం. వెనక నుంచి నడక చూసి వయసు చెప్పాలి, మనిషి మలుపు తిరిగాక ముఖం చూసి ఎవరు గెలిచారో తేల్చుకోవాలి.

ఆట అంత తేలిక కాదు. చిన్నపిల్లలు మడమ ఆనీ ఆనకుండా గెంతుతారు. పాతికేళ్ళ వాళ్ళకు నేల ఉందన్న ధ్యాసే ఉండదు. నలభై దాటాక మనిషి పాదం వేసేముందు ఎందుకో ఒకసారి ఆలోచిస్తాడు. అరవై దాటితే కాళ్ళ మధ్య ఎడం పెరుగుతుంది, చేతుల ఊపు తగ్గుతుంది. ఇదంతా అప్పుడు కూర్చుని గమనించిందే. అయినా ఇద్దరం ఓడిపోయాం. నీలం చీర ఆమెను ముప్పై అన్నాను, తిరిగితే నోట్లో పళ్ళు లేవు. మనవరాల్ని పరిగెత్తించడానికి వచ్చిందట. కాళ్ళు ఈడ్చుకుంటూ పోయే మనిషిని ఈయన అరవై అన్నారు. తిరిగితే మీసం సరిగ్గా రాని కుర్రాడు, ఫోను చూసుకుంటూ నడుస్తున్నాడు.

నవ్వు తగ్గాక ఈయన అడిగారు. "సుగుణా, నన్ను ఎనక నుంచి చూస్తే ఎంత చెబుతావు?"

అరవై నాలుగేళ్ళ మనిషి. అబద్ధం చెప్పవచ్చు. ఎందుకో చెప్పలేదు. "డెబ్బై అయిదు" అన్నాను.

"నేను ఎనభై అనుకుంటాండా. పర్లేదు" అన్నారు. ఆ తరువాత మెల్లగా, "గ్రేసికి వాళ్ళ నాయన బతికుంటే ఆయప్ప నడిపించేటోడు. ఎనభై ఏళ్ళోడి మాదిరి నేను పోయి, నడిమిట్ల ఆగిపోతే, జీవితమంతా ఆ బిడ్డకు అదే గుర్తుంటాది. అది నాకిష్టం లేదు" అన్నారు.

నేను ఆయన చెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. మా ముందు నుంచి పిల్లలు ఇంకో చుట్టు పరిగెత్తి వెళ్ళారు.

కొండ కింద దారి

వదిన వాళ్ళ పల్లెకు రోడ్డు మీద బస్సు దిగి లోపలికి నడవాలి. ఆటో ఉంటుందన్నారు, లేదు. సంచులు నేను పట్టుకున్నాను. కొంత దూరం పోయాక వెనక నుంచి ఒక పెద్దావిడ వచ్చి కలిసింది. నెత్తిన చింతపండు మూట, చేతిలో కర్ర. నల్లమల గూడెం ఆమె. పల్లెల్లో అమ్ముకోవడానికి దిగిందట. రాళ్ళ దారుల్లో నడిచిన అలవాటేమో, సాఫు రోడ్డు మీద కూడా మోకాలు ఎత్తి ఎత్తి నడుస్తుంది.

దారి చిన్న మిట్ట ఎక్కుతోంది. ఆమె మాట్లాడుతూనే ఉంది. నాకు జవాబివ్వడానికి ఊపిరి చాలడం లేదు. డాక్టరు మాట గుర్తొచ్చి, "అమ్మా, ఇలా ఎక్కుతూ పాట పాడగలవా?" అని అడిగాను. ఆమె నన్ను వింతగా చూసి, పాట ఎత్తుకుంది. మూట కదలకుండా, మిట్ట చివరిదాకా పాడింది. అడుగు అడుగుకూ కర్ర టక్కుమంటుంటే, పక్కన ఈయన అడుగులు కూడా ఆ చప్పుడుతో కలిసి పడ్డాయి.

పైకి వెళ్ళాక నేను, "నీ నడక ముందు మేం ఎందుకూ పనికిరాం" అన్నాను.

"ఏం నడకో తల్లీ, రేత్రి పండుకుంటే మోకాళ్ళు అరుస్తాయి. నీ కాడ నొప్పి బిళ్ళ ఉండాదా?" అంది. ఉన్న రెండు బిళ్ళలూ ఇచ్చి, ఏదైనా తిన్నాకే వేసుకోమన్నాను. ఆమె గుప్పెడు చింతపండు మావారి జేబులో కూరి వెళ్ళిపోయింది. చొక్కా పాడయింది. ఆ మరక ఇంకా పోలేదు.

మార్తమ్మ వదిన ఇంట్లో

వదిన వాకిట్లోనే తమ్ముణ్ణి పట్టుకుని ఏడ్చింది. వెంటనే కళ్ళు తుడుచుకుని సంకటి తినమంది. ఇంట్లో గ్రేసి అన్న కొడుకు అప్పుడప్పుడే నడక నేర్చుకుంటున్నాడు. కాళ్ళు ఎడంగా పెట్టి, చేతులు గాల్లోకి ఎత్తి నాలుగడుగులు వేస్తాడు, కూలబడతాడు, లేస్తాడు. పడినందుకు వాడికి బాధ లేదు. మావారు మంచం పట్టె పట్టుకుని వాడి ఎదురుగా నిలబడి, "రారా, మనిద్దరిదీ ఒకటే క్లాసు" అన్నారు.

గ్రేసి పొలం నుంచి వచ్చింది. పెళ్ళి ఇంకో రెండు రోజులుందనగా కూడా శనగ పీకడానికి కూలికి పోయింది. చేతులు కడుక్కుంటుంటే ఈయన చెప్పేశారు. "బిడ్డా, నేను గుమ్మం కాడ ఆగిపోతా. మీ అన్నను పట్టుకోని పో."

గ్రేసి ముఖం తుడుచుకుంది. "నువ్వు ఆగితే నేనూ ఆగుతా. మా అన్నతో రోజూ కొట్లాడతాండా, ఆయప్పతో పోయేదేంది? మామా, నువ్వు రాకపోతే నేనొక్కదాన్నే పోతా" అంది. గొంతు గట్టిగానే ఉంది, కళ్ళు మాత్రం నిండాయి.

ఆయన నా వైపు చూశారు. నేను మస్తాను గారి వాకిలి సంగతి చెప్పాను. మరుసటి రోజు మధ్యాహ్నం సంఘంలో ఆడవాళ్ళు సుద్దముక్కలు తీసుకుని మందిరానికి వచ్చారు. గడప దగ్గర నుంచి బల్ల దాకా నడవలో అడ్డంగా తెల్ల గీతలు గీశారు. ఈయన గ్రేసి చెయ్యి పట్టుకుని గీత తరువాత గీత దాటుకుంటూ వెళ్ళారు. రెండుసార్లు వెళ్ళారు. వదిన చప్పట్లు కొట్టింది. ఆ రాత్రి ఈయన నిద్రపోయారు. చాలా రోజుల తరువాత నేనూ నిద్రపోయాను.

పెళ్ళి రోజు

మందిరం వాకిలి దగ్గర నిలబడి లోపలికి చూశాను. గిద్దలూరు నుంచి డెకరేషన్ వాళ్ళు పొద్దున్నే వచ్చి నడవ పొడుగునా ఎర్ర తివాచీ పరిచారు. ఒక్క గీత లేదు. అంచుల మీద పూలకుండీలు, వాటి పక్కన కుర్చీలు కిక్కిరిసి ఉన్నాయి. తీసేయమని చెప్పే వేళ లేదు. అప్పటికే కీబోర్డు మొదలైంది. జనం లేచి నిలబడ్డారు. నేను లోపలికి వెళ్ళి ముందు వరుసలో వదిన పక్కన నిలబడాల్సి వచ్చింది.

తెల్ల చీర, ముసుగుతో గ్రేసి గుమ్మంలో కనిపించింది. పక్కన ఈయన, కొత్త చొక్కాలో. తివాచీని చూశారు. కాళ్ళు ఆగిపోయాయి.

పాట ఒక చరణం అయింది. ఈయన భుజాలు ముందుకు వంగాయి, పాదాలు కదల్లేదు. వెనక పూలబుట్టలతో ఉన్న ఆడపిల్లలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గ్రేసి అన్న ముందుకు రాబోతే గ్రేసి తల అడ్డంగా ఊపింది. ఆమె ఈయన చెయ్యి వదల్లేదు. లోపలికీ చూడలేదు. ఈయన వైపు తిరిగి ఏదో చెప్పింది. అదేమిటో తరువాత ఆమెనే అడిగి తెలుసుకున్నాను.

"మామా, తొందరేం లేదు. పెండ్లికొడుకు యాడికీ పోడు" అందట.

"కాలు లేస్తే పరుగొస్తాదేమో బిడ్డా" అన్నారట ఈయన.

"రానీ. పరిగెత్తుదాం."

అలా అని ముసుగు భుజం మీదికి తోసి, చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో పైకెత్తి పట్టుకుంది. పాట రెండోసారి మొదలైంది. ఇద్దరూ కలిసి ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఊగారు. ఈయన పాదం లేచింది. గడప దాటింది. దాటగానే అడుగులు చిన్నవై, ఒకదాని మీద ఒకటి పడటం మొదలుపెట్టాయి. పెళ్ళి నడక అంటే అడుగు వేసి ఆగి, అడుగు వేసి ఆగి పోవాలి. వీళ్ళు రైలు తప్పిపోతుందన్నట్టు వచ్చారు. గ్రేసి నవ్వుతూ ఈయనకు సరిగ్గా పక్కనే పరిగెత్తింది. వెనక ఆడపిల్లలు పూలు చల్లడం మరచిపోయి బుట్టలతో ఉరికారు. ఒక కుండీ పడింది. కీబోర్డు వాయించే అబ్బాయి తనూ జోరు పెంచాడు. మందిరం మందిరమంతా నవ్వుతోంది. ఎవరు మొదలుపెట్టారో గాని చప్పట్లు మొదలయ్యాయి. పెళ్ళికొడుకు రెండు అడుగులు ముందుకు వచ్చి చేతులు చాపి ఇద్దర్నీ ఒకేసారి పట్టుకుని ఆపాడు.

నవ్వులు సద్దుమణిగాక పాస్టరు గారు పుస్తకం తెరిచి, "ఈ పెండ్లికుమార్తెను ఇచ్చువారు ఎవరు?" అని అడిగారు.

మావారు నోరు తెరిచారు. మాట రాలేదు. రొప్పుతున్నారు. చెయ్యి ఎత్తి ఆగమన్నట్టు చూపించి, "అయ్యగారూ... కొంచెం... ఊపిరి తీసుకోనీండి" అన్నారు.

మళ్ళీ నవ్వు. పాస్టరు గారు కూడా పుస్తకం మూసి నవ్వారు. అందరూ ఆగారు. వదిన ఏడుస్తూ నవ్వుతూ నా చెయ్యి నలిపేస్తోంది. ఈయన ఊపిరి కుదుటపడింది. నిటారుగా నిలబడ్డారు.

"నేనే" అన్నారు. "వాళ్ళ నాయన లేడు. నేను తెచ్చినా."

గ్రేసి చెయ్యి తీసి పెళ్ళికొడుకు చేతిలో పెట్టారు. ఇక వెనక్కి తిరిగి నా పక్కకు రావాలి. తిరగడమంటే ఆయనకు కష్టం. చిన్న చిన్న అడుగులతో మెల్లగా తిరిగి, ఒక్కరే నడిచి వచ్చి నా పక్కన కూర్చునేసరికి తరువాతి కీర్తన సగం అయిపోయింది. ఆయన కూర్చునేదాకా పెళ్ళికొడుకు, పెళ్ళికూతురు, పాస్టరు గారు ఎవరూ కూర్చోకుండా నిలబడే ఉన్నారు.